గిన్నె వంచి చూసే మా అత్త

మా అత్త పోయిన కబురు అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పంచుతుండగా వచ్చింది. మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పలకడం లేదు, రా" అన్నాడు. పరుగున ఇంటికి వచ్చేసరికి ఆమె పంచలో స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంది. పాల చెంబు పక్కనే ఉంది. పొద్దున బర్రెల పాలు పిండింది, కాఫీ తాగింది, కసువు మా వాకిట్లోకి నెట్టిందని ఎదురింటావిడను నాలుగు మాటలంది, వచ్చి కూర్చుంది. అంతే. మంచాన పడడమంటే ఆమెకు మహా భయం. "ఒకరు ఎత్తి కూర్చోబెట్టే బతుకు నాకొద్దు" అని ప్రతి ప్రార్థనలోనూ దేవుణ్ణి అడిగేది. అడగడం అనడం కూడా తప్పే, గదమాయించేది. అందుకే ఉన్నమాట చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు నా నోటి వెంట వచ్చింది "హమ్మయ్య" అనే మాట. అక్కడున్నవాళ్ళు నన్ను అదోలా చూశారు. చూడనివ్వండి. ఆమె కోరుకున్నట్టే పోయింది, నాకు అదే పెద్ద ఊరట.

భూస్థాపన అయిన కొన్నాళ్ళకు మా చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ళ గురించి ఇంటివాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. పాస్టరు గారు నన్ను పిలిచారు. లేచి మైకు పట్టుకున్నాను. "మా అత్త మంచిది" అని కూర్చున్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర వండుకుని తిన్నవాళ్ళం, ఆమె గురించి నేను చెప్పగలిగింది రెండు ముక్కలా! అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో జరిగిన పాము కథను ఆమె ఏటా చర్చిలో సాక్ష్యంగా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అందులో తాను చేసిందంతా వదిలేసేది. ఆ వదిలేసిన భాగమే నాకు ముఖ్యం.

ఆ సాక్ష్యం సంగతి కూడా కాస్త చెప్పాలి. మొదటి ఏడాది అందులో పాము మూరెడుంది. మరుసటి ఏడాది బారెడైంది. ఇక ఆ తర్వాత ఆ పాము మా గడ్డివామి చుట్టూ చుట్టుకుని ఉండేది. నేను వెనక వరసలో తల దించుకుని కూర్చునేదాన్ని. ఒకసారి ఇంటికొచ్చే దారిలో అడిగాను, ఎందుకత్తా అంత అబద్ధం అని. ఆమె ఏ మాత్రం తడుముకోకుండా, "దేవుడు చేసింది పెద్ద పని. పాము చిన్నదైతే ఎట్టా?" అంది.

మా ఊరు బిట్రగుంటకు తూర్పున, సముద్రం వైపు. పెళ్ళయి వచ్చేనాటికి మా అత్తకు రెండు బర్రెలు, ఒక పెద్ద గంప ఉండేవి. ఆ గంపలో పెరుగు గిన్నెలు పెట్టుకుని బిట్రగుంట రైల్వే కాలనీకి పోయి అమ్మేది. ఆ పాత క్వార్టర్ల వాళ్ళు ఆమె పెరుగు కోసం ఎదురు చూసేవాళ్ళని గొప్పగా చెప్పుకునేది. నిజమే కావచ్చు. ఆ పెరుగు కత్తితో కోస్తే ముక్కలుగా వచ్చేది. పొద్దు వాలుతుండగా పాలల్లో మజ్జిగ చుక్క వేసి, గిన్నెలన్నీ వంటింటి మూల వరసగా పెట్టి, మూతలు వేసేది. ఆ తర్వాత ఆ మూలకు ఎవరూ పోకూడదు. పోయినవాడు కొడుకైనా సరే, వాడి ఏడు తరాలూ తిట్లు తినేవి. పొద్దున బర్రెల పని ముగించి కాసేపు కూర్చున్నాక ఒక్కో గిన్నె తీసి మెల్లగా పక్కకు వంచి చూసేది. పెరుగు జారకపోతే "నిలబడినాది" అనేది. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరం ఆమెతో మాట్లాడేవాళ్ళం కాదు.

నాకు మొదటి కడుపు నిలవలేదు. మూడో నెలలోనే పోయింది. రెండోసారి నెల తప్పినప్పుడు మా అత్త నన్ను కాలు కింద పెట్టనివ్వలేదని రాస్తే బాగుండేది గాని, అది ఆమె కాదు. కదిలే ఒళ్ళు కాన్పుకు మంచిదని గడ్డి దూసుకురమ్మనేది, కుడితి కలపమనేది. నాకేమో వామి దగ్గరికి పోవాలంటే పాముల భయం. కోతలయ్యాక ఎలుకలు వామిలో చేరతాయి, వాటి కోసం పాములూ చేరతాయి. ఆ మాటంటే ఆమె నవ్వేది. మా వైపు అందరూ నమ్మే మాటొకటి ఉంది, మీరూ వినే ఉంటారు. కడుపుతో ఉన్న ఆడదాన్ని పాము కరవదట. ఆమెను చూడగానే పాముకు కళ్ళు కనపడవట. మా అత్తకు ఈ మాట వాళ్ళమ్మ చెప్పింది. ఆ ధైర్యంతోనే ముగ్గురు పిల్లల్నీ మోస్తూ వట్టి కాళ్ళతో చేలల్లో తిరిగానని చెప్పేది. "పో మే, నిన్ను చూస్తే దానికే కళ్ళు పోతాయి" అని నన్ను తోలేది.

ఏడో నెలలో ఒకనాటి పొద్దున వామి దగ్గర గడ్డి దూస్తున్నాను. కింద ఎక్కడో కుక్కరు కూత పెట్టబోయే ముందు బుసబుసమని వచ్చే చప్పుడులాంటిది వినపడింది. ఏమిటా అని వంగేలోపే ఎడమ పాదం మీద నిప్పు పెట్టినట్టయింది. గడ్డిలోకి పోతున్న దాని వీపు మీద గొలుసు వేసినట్టు మచ్చలు కనిపించాయి. రక్తపింజరి. నేను పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది.

వచ్చారు గాని ఒక్కరికీ కంగారు లేదు. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే సంగతి. పక్కింటి మామ నా పాదం చూసి తుమ్మముల్లు అన్నాడు. ఒకావిడ ఎలుక అంది, పసుపు తెస్తానని పోయింది. నేను పాము, పాము అని మొత్తుకుంటుంటే, చిన్నపిల్లకు చెప్పినట్టు, కడుపుతో ఉన్నదాన్ని పాము ఎట్లా కరుస్తుందమ్మా అని నవ్వుతూ సముదాయిస్తున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నమ్మినవాళ్ళు, అంతే. పాదం పొంగుతోంది, నెత్తురు ఆగడం లేదు, చుట్టూ ఉన్నవాళ్ళకేమో నేను అదృష్టవంతురాలిని.

బర్రెల దగ్గర నుంచి మా అత్త పేడ చేతులతోనే వచ్చింది. ఆమె నోటి నుంచీ మొదట అదే మాట వచ్చింది, "కడుపుతో ఉన్నోళ్ళని పాము కరవదు మే." ఆ మాట అంటూనే నా ముందు గొంతుక్కూర్చుని పాదం చూసింది. రెండు గాట్లు. వాటిలోంచి పలచగా కారుతున్న నెత్తురు. తర్వాత తలెత్తి నా మొహం చూసింది. లేచి నిలబడి, "పామే" అంది.

ఆ ఒక్క మాటతో అందరూ ఉలిక్కిపడ్డారు. ఇప్పుడు కంగారు మొదలైంది, అదీ తప్పుదారిలోనే. పక్కింటి మామ పలుపు తెచ్చి పిక్క మీద బిగించి కట్టబోయాడు. ఇంకొకరు పక్క ఊళ్ళో మంత్రం వేసే ఆయన కోసం బండి తీశారు. మా అత్త సబ్‌సెంటర్ నర్సమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినపడేట్టు పెట్టింది. నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు ఈమె అరిచి మళ్ళీ చెప్పింది. కట్టు బిగించొద్దు. కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. నడిపించొద్దు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, బిడ్డ బరువు తల్లి రక్తనాళం మీద పడకుండా. కాలు కదలకుండా ఏదైనా చెక్క ఆనించి వదులుగా గుడ్డ చుట్టాలి. పాము వెనక ఎవరూ పోవద్దు. 108కి ఫోన్ చెయ్యాలి. మా అత్త ఆ పలుపును పక్కింటి మామ చేతుల్లోంచి లాక్కుని బర్రె మీదికి విసిరేసింది. చెక్కకు వెతికే ఓపిక లేక, గోడకు ఆనించి ఉన్న పెద్ద కవ్వం తెచ్చి నా కాలికి పెట్టి తన పాత చీర చుట్టింది. మంత్రగాడి కోసం తీసిన బండిని రోడ్డు మీదికి తోలింది, వ్యానుకు దారి చూపించమని.

వ్యానులో నా తల ఆమె తొడ మీద. ఆమె చెయ్యి నా కడుపు మీద. పేడ వాసన. అందులో పనిచేసే అబ్బాయి కాలికి కట్టిన కవ్వం చూసి ఏమిటిదని అడిగితే, నీకెందుకు, కదలకుండా ఉందా లేదా చూడు అంది. బిడ్డ కదలడం లేదని నాకు తెలుస్తోంది. అడుగుదామంటే చిగుళ్ళలో ఉప్పగా నెత్తురు. "బిడ్డ, అత్తా?" అన్నాను. గమ్మున పడుకోమంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

టౌను ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ నన్ను చూసుకుంది. కాన్పుల డాక్టరే, మా అత్త సాక్ష్యంలో దేవుడి తర్వాత పేరు ఆమెదే. వస్తూనే బిడ్డ గుండె విన్నది, కొట్టుకుంటోంది అని చెప్పింది. అప్పుడు సగం ప్రాణం వచ్చింది. తర్వాత నా చేతిలోంచి కొంచెం నెత్తురు తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి, కిటికీ పక్కన నిలబెట్టి, ఇరవై నిమిషాలు దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, కదిలించొద్దు అంది. గడ్డకడితే విషం ఒంట్లో పెద్దగా ఎక్కనట్టు, కట్టకపోతే ఎక్కినట్టు. మా అత్త ఆ గొట్టం ముందు బల్ల వేసుకుని కూర్చుంది. "కదిలిస్తే తోడుకోదని నాకు చెప్పాలా తల్లీ" అంది. డాక్టరమ్మ గొట్టం వంచినప్పుడు నెత్తురు నీళ్ళలా గొట్టం అంచు దాకా జారింది. మా అత్త మొహం అట్లా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. పెరుగు విరిగిన రోజు కూడా ఆమె తిట్టేదే తప్ప పాలిపోయేది కాదు.

ఈలోపు మా అమ్మ ఏడుస్తూ వచ్చింది. మా ఆయన రొయ్యల లారీ తోలుకుని చెన్నై పోయి ఉన్నాడు, ఫోన్ అందలేదు. పాముకు విరుగుడు మందు ఎక్కించాలి అని డాక్టరమ్మ అనగానే మా అమ్మ వద్దని అడ్డం పడింది. ఆ మందు వేడికి కడుపు పోతుందని ఎవరో చెప్పారట. ఒకటి ఇప్పటికే పోగొట్టుకుంది, ఇదీ పోతే నా బిడ్డ బతకదు అని ఆమె బాధ. డాక్టరమ్మ విసుక్కోలేదు. కడుపుతో ఉన్నా లేకపోయినా ఈ విషానికి మందు ఒక్కటే, మోతాదూ ఒక్కటే అని చెప్పింది. మందు కొందరికి పడదు, దద్దుర్లూ వణుకూ వస్తే ఆపడానికి అన్నీ సిద్ధంగా ఉంచాము అంది. విషం అట్లాగే ఉంటే లోపల నెత్తురు పోయి తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పు అంది. బిడ్డకు ఏమీ కాదని మాత్రం నేను మాట ఇవ్వలేను, తల్లి నిలబడితేనే బిడ్డకు దారి ఉంటుంది అంది.

అందరూ మా అత్త వైపు చూశారు. నేనూ చూశాను. ఆ మనవడో మనవరాలో కోసం ఆమె ఎంత ఎదురు చూస్తోందో వీధి మొత్తానికి తెలుసు. పాత నూలు చీరలు చించి, ఉతికి, పొత్తిగుడ్డలు అప్పటికే మడతపెట్టి దాచింది. ఇన్నాళ్ళు ఆ ఇంట్లో నేను కోడల్నో, కడుపు మోసే మనిషినో నాకే సరిగ్గా తెలియదు. ఆ నిమిషంలో నాకు చావు కంటే ఆమె ఏమంటుందోననే భయం ఎక్కువగా ఉంది.

"బర్రె ఉంటే దూడ మళ్ళా వస్తాది డాక్టరమ్మా" అంది మా అత్త. "ముందు నా బర్రెను నిలబెట్టు తల్లీ."

మా అమ్మకు ఏడుపులోనే కోపం వచ్చింది. నా కూతుర్ని బర్రె అంటావా వదినా అని మీదికి పోయింది. నాకు నవ్వొచ్చింది. కాలు అంత మండుతున్నా, నోట్లో నెత్తురున్నా పెద్దగా నవ్వొచ్చింది. నా ఎర్రటి పళ్ళు చూసి పాపం నర్సు హడలిపోయింది. నవ్వుతూనే ఎక్కించండి అని నేనే చెప్పాను. మా అత్త బర్రెల్ని ఎట్లా చూసుకుంటుందో మీకు తెలియదు, నాకు తెలుసు. అంతకంటే పెద్ద మాట ఆమె దగ్గర లేదు.

మందు ఎక్కుతుండగా ఒళ్ళంతా దురద, చలి వణుకు వచ్చాయి. ఆపారు, ఇంకో సూది వేశారు, తగ్గాక మళ్ళీ మెల్లగా మొదలుపెట్టారు. కొన్ని గంటల తర్వాత మళ్ళీ గాజు గొట్టం. మళ్ళీ కిటికీ. మళ్ళీ మా అత్త కాపలా. ఊడ్చే ఆమె చీపురు అటు వైపు తెస్తే కళ్ళతోనే వెనక్కి పంపింది. రెండోసారీ జారింది. వరండాలోకి పోయి దేవుణ్ణి ఆమె ఏ తీరున నిలదీసిందో లోపలికి వినపడింది, అది ఇక్కడ రాయను. ఇంకో విడత మందు ఎక్కించారు.

తెల్లారింది. ఎండ కిటికీలోంచి ఆ గొట్టం మీద పడుతోంది. డాక్టరమ్మ వచ్చి దాన్ని తీసి మెల్లగా వంచింది. లోపలిది కదల్లేదు. ఇంకాస్త వంచింది. గడ్డకట్టి అక్కడే ఉంది. నేను ఇంకా అర్థం చేసుకునేలోపే మా అత్త లేచి వచ్చి, చిన్నపిల్లలా, ఇంకోసారి వంచమని అడిగింది. డాక్టరమ్మ నవ్వి వంచింది.

"నిలబడినాది" అంది మా అత్త. అని, అక్కడే నేల మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. మా అమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. బర్రె గొడవ ఆ రోజుతో సరి.

అదే మధ్యాహ్నం లోపల బిడ్డ ఒక తన్ను తన్నింది. మా అత్త చెయ్యి అప్పుడు నా కడుపు మీదే ఉంది. వార్డులో ఉన్న ప్రతి మంచం దగ్గరికీ పోయి చెప్పి వచ్చింది. డాక్టరమ్మ గుండె వినిపించే పరికరం పెడితే, జువ్వలదిన్నె నుంచి పోయే బోటు ఇంజను మాదిరి టకటకమంటున్న ఆ చప్పుడు వింటూ ఆమె ఎంతసేపు నిలబడిందో! మూత్రం సరిగ్గా వస్తోందా, మూత్రపిండాలు బాగున్నాయా అని రోజూ చూసేవాళ్ళు. మూత్రం సంచీలో ఎంత పడిందో ఆ లెక్క నర్సు కంటే ముందు మా అత్తే వీధిలో అందరికీ ఫోన్లో చెప్పేది. నాకు సిగ్గుతో చచ్చేంత పనయ్యేది. కాలి వాపు పూర్తిగా తగ్గడానికి చాలా రోజులు పట్టింది. నెలలు నిండాక అదే ఆసుపత్రిలో, అదే డాక్టరమ్మ చేతుల్లో, ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు ఆరో తరగతి, ఏడుపు మానేసింది గాని గట్టిదనం అలాగే ఉంది. అచ్చం నాయనమ్మ నోరు.

ఆసుపత్రి నుంచి వచ్చాక, కడుపుతో ఉన్నదాన్ని పాము కరవదనే ఆ మాట మా అత్త మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే కాదు, ఎవరన్నా అంటే విరుచుకుపడేది. నేను అంగన్‌వాడీలో చేరిన తర్వాత, పోషకాహారం కోసం వచ్చే గర్భిణుల దగ్గరికి పనిగట్టుకుని వచ్చేది. నేను చార్టు చూపించి చెప్పేలోపు ఆమె తన పద్ధతిలో చెప్పేసేది. పాముకు కడుపేందో ఒడేందో తెలీదు, వామి దగ్గరికి పోతే ముందు కర్రతో తట్టండి, చెప్పుల్లేకుండా పోయినారంటే మీ కాళ్ళు నేనే ఇరగ్గొడతా అని. కరిస్తే ఆసుపత్రికి తప్ప ఇంకెక్కడికీ కాదని ఒట్టు వేయించుకునేది. వాళ్ళు నా చార్టు మరిచిపోయారు. ఆమె తిట్లు మరిచిపోలేదు.

ఒకసారి బర్రెల దగ్గర కూర్చుని ఉన్నప్పుడు అడిగాను. పుట్టినప్పటి నుంచీ నమ్మిన మాట కదా, మీ అమ్మ చెప్పిన మాట కదా, ఆ రోజు అంత తొందరగా ఎట్లా వదిలేశావత్తా అని. పొదుగు కడుగుతూ నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆ మాట చెప్పినోళ్ళు ఆడ లేరు మే. నువ్వుండావు. నీ కాలుండాది."

ఇది ఎప్పుడూ సాక్ష్యంలో చెప్పలేదు. చెప్పమంటే, నేను చేసిందేముంది, ఫోన్ చేస్తే వ్యాను ఎవరికైనా వస్తాది అనేది. ఊరంతా ఒక మాట మీద నిలబడి నవ్వుతున్నప్పుడు, తన నోటితో కూడా అదే మాట అనేసి, మళ్ళీ దాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆమె ఒక్క గంట ఆ మాట పట్టుకుని ఉంటే ఇది రాయడానికి నేను లేను, నా పిల్ల లేదు.

భూస్థాపన చేసి వచ్చిన సాయంత్రం ఇల్లంతా మనుషులు. ఎదురింటావిడ, అదే, పొద్దున తిట్లు తిన్నావిడ, అన్నం, పప్పు వండి తెచ్చింది. ఎవరూ సరిగ్గా తినక రోజంతా అయింది. మజ్జిగైనా తాగుతారేమోనని వంటింట్లోకి పోయాను. మూలన మా అత్త వరసగా పెట్టిన గిన్నెలు అలాగే ఉన్నాయి. ముందు రోజు పొద్దు వాలుతుండగా తన చేత్తో మజ్జిగ చుక్క వేసి, మూతలు పెట్టినవి. పొద్దున చూసేలోపే ఆమె పోయింది. ఇంత గొడవలో, ఇంతమంది అటూ ఇటూ తిరిగినా, ఎవరూ ఆ మూలకు పోలేదు. అలవాటు.

నేను అక్కడే నిలబడ్డాను. మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. నా వెనకే వచ్చిన మా పిల్ల నన్ను దాటి పోయి, నేల మీద గొంతుక్కూర్చుని, మొదటి గిన్నె మూత తీసింది. రెండు చేతులతో ఎత్తి, నాయనమ్మ మాదిరే తల పక్కకు వాల్చి, మెల్లగా వంచింది.

తెల్లటి పెరుగు కదల్లేదు. ఇంకాస్త వంచింది. అక్కడే ఉంది.

"నిలబడిందమ్మా" అంది.